క్యాంటీన్‌లో మాంసం అంతా హలాల్ చేయొచ్చా? కమిటీలో ఓటు వేయాలి, మీ మాట కావాలి

వానచినుకు

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో క్యాంటీన్ కమిటీ ఉంది, ఏడుగురం. మాంసం సరఫరా కాంట్రాక్టు మారబోతోంది. కొత్తగా రాబోయేవాళ్ళు "మొత్తం హలాలే ఇస్తాం, రెండు రకాలు విడివిడిగా తేవడం మాకు కుదరదు" అన్నారు. ముగ్గురు సరే అన్నారు, ఇద్దరు ససేమిరా అన్నారు, ఒకాయన నోరు విప్పలేదు. మీటింగులో గొంతులు లేచాయి. ఇన్నేళ్ళుగా ఒకే బల్ల మీద తిన్నవాళ్ళు ఆ రోజు మధ్యాహ్నం వేరువేరుగా కూర్చున్నారు. అది చూసి మనసు పాడైంది.

నాకు టెన్షన్‌గా ఉంది. వద్దంటే కొందరిని బయటికి నెట్టినట్టు ఉంటుంది, సరేనంటే ఇంకొందరికి ఇష్టంలేనిది వడ్డించినట్టు ఉంటుంది. ఏ మతం పక్షమూ తీసుకోకూడని చోట ఇలాంటివి ఎలా తేల్చాలి? తెలిసినవాళ్ళు చెప్పండి. దయచేసి ఎవరినీ తిట్టుకోవద్దు.

అద్దం

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. అందరూ వాడే చోట మత నియమం ప్రకారం వంట ఉండకూడదు. ఎవరికి ఏది కావాలో వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు. ఈరోజు మాంసం, రేపు ఇంకోటి. ఒక మతానికి సర్దుబాటు చేస్తే రెండో మతానికి ఎందుకు చేయరని అడుగుతారు, అడగడం న్యాయమే కూడా. అందుకే మొదటి సర్దుబాటు దగ్గరే ఆగిపోవాలి.

ఇంకో మాట. చాలా సర్టిఫికెట్ సంస్థలు కోసే మనిషి ముస్లిమే కావాలంటాయి. అంటే ఆ పని వేరేవాళ్ళకు లేనట్టే కదా? ఉద్యోగంలో మతం చూడకూడదని ఒకవైపు అంటూ ఇంకోవైపు దీన్ని ఎలా ఒప్పుకుంటాం?

తులసికోట

నేను మాంసం తింటాను. కానీ వేరే మతం ప్రార్థన చదివి కోసిన మాంసం నాకు వద్దు. ఇందులో ద్వేషం ఏమీ లేదు. నా నమ్మకం నాది. హలాల్ కావాలనేవారి నమ్మకాన్ని గౌరవించాలన్నప్పుడు, వద్దనే నా నమ్మకాన్ని ఎందుకు మొండితనం అంటారో నాకు అర్థం కాదు.

నా ఒక్కరి మాటే కాదు. సిక్కుల ప్రవర్తనా నియమావళి, 1945లో ఆమోదం పొందిన రెహత్ మర్యాదలో, ముస్లిం పద్ధతిలో కోసిన మాంసం, వాళ్ళు 'కుఠా' అంటారు, తినకూడదని స్పష్టంగా ఉంది. దీక్ష తీసుకున్న సిక్కుకి అది పెద్ద తప్పుల్లో ఒకటి. మీ ఆఫీసులో ఒక్క సిక్కు ఉన్నా, 'మొత్తం హలాల్' అన్న రోజు ఆయన పళ్ళెంలో మాంసం ఉండదు. దీన్ని కూడా సర్దుబాటు అనే అంటారా?

నూర్‌దీపం

నేను ముస్లింని, హలాల్ మాత్రమే తింటాను. తులసికోట గారి బాధ నాకు అర్థమవుతుంది. ఎందుకంటే ఇన్నేళ్ళుగా క్యాంటీన్లలో నేను ఉన్నది సరిగ్గా ఆ స్థానంలోనే. అన్నం, పప్పు పెట్టించుకుని లేచిపోయిన రోజులు లెక్కలేనన్ని. ఎవరినీ తప్పు పట్టలేదు. ఇంకొకరిని ఆ స్థానంలో కూర్చోబెట్టి నేను మాంసం తినాలని కోరుకోను. 'మొత్తం హలాల్' అన్నది మా అవసరం కాదు. అది సరఫరాదారుడి సౌకర్యం. ఈ తేడా దయచేసి గమనించండి.

అసలు హలాల్ అంటే ఏమిటో కూడా చెప్పనివ్వండి. జంతువు ప్రాణంతో ఉండాలి, దేవుడి పేరు చెప్పి పదునైన కత్తితో గొంతు దగ్గర రక్తనాళాలు కోయాలి, రక్తం కారిపోవాలి. కత్తికి ముందే పదును పెట్టుకోవాలని, జంతువుకు బాధ తగ్గించాలని ప్రవక్త చెప్పిన మాట మాకు చిన్నప్పటి నుంచీ నేర్పుతారు. జంతువు కళ్ళ ముందు కత్తి నూరకూడదు, ఒకదాని ముందు ఇంకోదాన్ని కోయకూడదు. ఇవన్నీ ప్రతిచోటా పాటిస్తున్నారని నేను అనను. పాటించని చోట మాకూ అది తప్పే.

అద్దం గారి ప్రశ్నకి: ఖురాన్ అయిదో అధ్యాయంలో గ్రంథప్రజల, అంటే యూదుల, క్రైస్తవుల ఆహారం మాకు ధర్మసమ్మతమని ఉంది. దాని ఆధారంగా వాళ్ళు కోసినదీ తినే ముస్లింలు ఉన్నారు. కానీ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది ముస్లిమే కోయాలంటారు, అది నిజం. కోషర్‌లో, అంటే యూదుల ఆహార నియమాల్లో, కూడా శిక్షణ పొందిన యూదుడే కోయాలి. నేను దాన్ని ఒక మతకార్యంగా చూస్తాను. మీరు ఉద్యోగంగా చూస్తున్నారు. మీ ప్రశ్నలో న్యాయం లేదని మాత్రం అనను.

పచ్చిక

ఇందాకటి నుంచీ అందరూ మనుషుల నమ్మకాల గురించే మాట్లాడుతున్నారు. చచ్చేది జంతువు. స్పృహలో ఉండగానే గొంతు కోయడం క్రూరం. దానికి ఏ మతం పేరు పెట్టినా క్రూరమే. మిగతా చర్చంతా తర్వాత.

గడ్డిపోచ

పచ్చిక గారి మాట మీద కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి. నేను పశువైద్యం చదివాను. కొన్నేళ్ళు కబేళాల్లో మాంసం తనిఖీ చేశాను. ఇలాంటి చర్చల్లో ఎక్కువగా వినిపించేవి రెండు మాటలు: 'హలాల్‌లో నొప్పి ఉండదు' అని ఒకటి, 'హలాల్ అంటేనే హింస' అని ఇంకోటి. రెండూ తప్పే.

కోసే ముందు జంతువుకు స్పృహ తప్పించడాన్ని స్టన్నింగ్ అంటారు. పశువులకైతే తలకి ఆనించి పేల్చే బోల్టు తుపాకీ, గొర్రెలకు తల మీద కరెంటు, కోళ్ళకు కరెంటు నీళ్ళ తొట్టి, పందులకు కార్బన్ డయాక్సైడ్. స్పృహ తప్పించకుండా కోస్తే ఏమవుతుంది? గొర్రెకి మెదడుకు రక్తం దాదాపుగా మెడలో ముందువైపు ఉండే పెద్ద నాళాల నుంచే వెళ్తుంది. అవి తెగితే కొన్ని సెకన్లలో స్పృహ పోతుంది. ఆవులు, గేదెల వంటి పశువుల్లో వెన్నెముక పక్కనుంచి వెళ్ళే నాళాలు కూడా మెదడుకు రక్తం అందిస్తాయి, గొంతు కోసినా అవి తెగవు. పైగా కోసిన నాళాల చివర్లు ఒక్కోసారి గడ్డకట్టి మూసుకుపోతాయి. అప్పుడు ఒక నిమిషం, ఇంకా ఎక్కువసేపు కూడా స్పృహ ఉండొచ్చు. నేను కళ్ళారా చూశాను. ఆ నిమిషం చాలా పెద్దది.

నొప్పి ఉంటుందా అన్నదానికి న్యూజిలాండ్‌లోని మాసీ యూనివర్సిటీ వాళ్ళు 2009లో దూడల మెదడు తరంగాలు కొలిచి చూశారు. కోత వల్ల నొప్పికి సంబంధించిన మార్పు కనిపించింది, స్టన్నింగ్ చేస్తే అది ఆగింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా 2004లోనే కోసే ముందు స్పృహ తప్పించడమే మేలని అభిప్రాయం ఇచ్చింది. శాస్త్రం వైపు నుంచి చూస్తే ఇది తేలిన విషయమనే నా ఉద్దేశం.

కానీ ఇక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్టు. హలాల్ అంటే స్పృహ తప్పించకపోవడం అని చాలామంది అనుకుంటారు. న్యూజిలాండ్‌లో వాణిజ్య కబేళాల్లో స్టన్నింగ్ తప్పనిసరి. అక్కడి నుంచి హలాల్ మాంసం పెద్ద ఎత్తున ముస్లిం దేశాలకు వెళ్తుంది. తలకు మాత్రమే కరెంటు ఇస్తారు. ఆ తర్వాత కోయకుండా వదిలేస్తే జంతువు మళ్ళీ లేచి నిలబడుతుంది, అంటే ప్రాణం పోలేదు, కాబట్టి షరతు తప్పలేదు. బ్రిటన్‌లో కూడా హలాల్ మాంసంలో ఎక్కువ భాగం స్పృహ తప్పించి కోసినదే. అక్కడే సర్టిఫికెట్ ఇచ్చే సంస్థల్లో హలాల్ ఫుడ్ అథారిటీ నియమాలకు లోబడి స్టన్నింగ్‌కి ఒప్పుకుంటుంది, హలాల్ మానిటరింగ్ కమిటీ అస్సలు ఒప్పుకోదు. అంటే 'హలాల్' అన్న ఒక్క ముద్ర చూసి జంతువు ఎలా చచ్చిపోయిందో చెప్పలేం.

మామూలు మాంసం సంగతి కూడా అంతే. పందులకు ఇచ్చే కార్బన్ డయాక్సైడ్ ముక్కులో, గొంతులో తడికి తగిలి మంట పుట్టిస్తుంది, స్పృహ పోయేదాకా అవి ఊపిరికోసం కొట్టుకుంటాయి. దానికి ఏ మతంతోనూ సంబంధం లేదు. కోళ్ళను బతికుండగానే కాళ్ళు కొక్కేలకు తగిలించి తలకిందులుగా వేలాడదీస్తారు, కొన్నిటికి తల నీళ్ళలో మునగదు, స్పృహతోనే కత్తి దాకా వెళ్తాయి. గుడ్ల పరిశ్రమలో పనికిరావని మగ కోడిపిల్లల్ని పుట్టిన రోజే చంపేస్తారు. దాన్ని జర్మనీ 2022 నుంచి మాత్రమే నిషేధించింది.

అందుకే పచ్చిక గారికి నా మనవి: జంతువు పక్షాన నిలబడదాం. కానీ ఒక్క కత్తి దగ్గరే నిలబడి మిగతావాటికి వీపు తిప్పొద్దు.

పచ్చిక

గడ్డిపోచ గారూ, పందుల సంగతి నాకు తెలియదు. చదువుతుంటే చేతులు ఆడలేదు. నా అభిప్రాయం మారలేదు, ఇంకా విస్తరించింది. నా మటుకు ఏదీ వద్దనే అంటాను.

పాతబడి

చరిత్ర వైపు నుంచి ఒక మాట. స్విట్జర్లాండ్‌లో ప్రజలే ప్రతిపాదన తెచ్చి రాజ్యాంగం మార్చుకునే పద్ధతి వచ్చాక జరిగిన మొట్టమొదటి ఓటింగు దేనిమీదో తెలుసా? స్పృహ తప్పించకుండా కోయడాన్ని నిషేధించడం మీద. 1893 ఆగస్టులో. నెగ్గింది. అప్పుడు అక్కడ ముస్లింలు లెక్కలో కూడా లేరు, గురి పెట్టింది యూదుల మీద. జంతుప్రేమికులు అందులో ఉన్నారు, యూదులంటే గిట్టనివాళ్ళూ ఉన్నారు, ఇద్దరి ఓట్లూ ఒకే పెట్టెలో పడ్డాయి. నార్వే 1929లో, స్వీడన్ 1937లో నిషేధించాయి. జర్మనీలో నాజీలు అధికారంలోకి వచ్చిన మూడు నెలలకే, 1933 ఏప్రిల్ 21న, ఇదే చట్టం తెచ్చారు.

ఇప్పుడు నిషేధం కోరేవాళ్ళందరూ అలాంటివాళ్ళని నేను అనడం లేదు. కానీ యూరప్ యూదులు ఈ మాట వినగానే ఎందుకు ఉలిక్కిపడతారో అర్థం చేసుకోవాలంటే ఇది తెలియాలి.

అద్దం

పాతబడి గారూ, చట్టం ఎవరి చేతిలో పుట్టిందన్నది అది మంచిదా కాదా అన్నదాన్ని తేల్చదు. ఇవాళ్టి కోర్టులు ఏమన్నాయో చూడండి. బెల్జియంలో ఫ్లాండర్స్ ప్రాంతం 2019 జనవరి నుంచి స్టన్నింగ్ తప్పనిసరి చేసింది, అదే ఏడాది వలోనియా కూడా చేసింది. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2020 డిసెంబరు 17న అది చెల్లుతుందని చెప్పింది. తర్వాత యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం 2024 ఫిబ్రవరి 13న మతస్వేచ్ఛకు భంగం లేదంది. ప్రజల నైతికతను కాపాడటంలో జంతువుల సంక్షేమం కూడా భాగమేనని చెప్పింది. మతాన్ని గౌరవించే కోర్టులే ఇలా అన్నాయి.

పాతబడి

అవును, అన్నాయి. కానీ అదే మానవహక్కుల న్యాయస్థానం 2000 సంవత్సరంలో ఏమందో కూడా చదవండి. ఫ్రాన్స్‌లో ఒక యూదు సంఘం తమ కట్టుబాటు ప్రకారం విడిగా కోసుకోవడానికి అనుమతి అడిగింది, ప్రభుత్వం ఇవ్వలేదు. కోర్టు తప్పు లేదంది. అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి: ఆ మాంసం బెల్జియం నుంచి సులువుగా తెప్పించుకోవచ్చు కదా అని. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే బెల్జియంలో ఎక్కువ భాగం ఆ తలుపు మూసింది. పక్క దేశం ఉంది కదా అనే మాట ఎన్నాళ్ళు పనిచేస్తుంది?

ఇంకోటి. ఫ్లాండర్స్ చట్టం కోయడాన్ని ఆపింది, అమ్మడాన్ని ఆపలేదు. బయట అలాగే కోసిన మాంసం తెచ్చి అమ్ముకోవచ్చు. ఆ జంతువుకు ఏం మేలు జరిగినట్టు?

నూర్‌దీపం

జంతువుల్ని చంపేటప్పుడు పాటించాల్సిన యూరోపియన్ యూనియన్ నిబంధన 1099/2009 నుంచి వేట, సాంస్కృతిక వేడుకలు, క్రీడా వేడుకలు బయటే ఉంచారు. అక్కడ చచ్చే జంతువుకు ముందుగా స్పృహ తప్పించాల్సిన పని లేదు. బెల్జియం కేసులో దీన్ని కూడా ప్రస్తావించారు. ఆ వేడుకల్లో వచ్చే మాంసం చాలా తక్కువని, స్పృహ తప్పించి వేటాడటం అర్థంలేనిదని, అందుకే వాటితో పోల్చకూడదని కోర్టు అంది. నాకు ఈ జవాబు మింగుడు పడలేదు. వినోదానికి ఉన్న చోటు ప్రార్థనకు లేదా అనిపించింది. స్టన్నింగ్‌కి నేను వ్యతిరేకిని కాను, గడ్డిపోచ గారు చెప్పిన తలకి కరెంటు పద్ధతి నాకు సమ్మతమే. కానీ అందరికీ ఒకే కొలత పెట్టమని అడగడం తప్పు కాదనుకుంటాను.

అద్దం

ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. వేటకు ఇచ్చిన మినహాయింపు కూడా తీసేయాలి.

చెక్కబల్ల

నేను న్యాయవాద వృత్తిలో ఉన్నాను. వానచినుకు గారి ప్రశ్న పక్కకి వెళ్ళిపోయింది. కోయడం ఎలాగన్నది చట్టసభల పని. దేశాన్ని బట్టి మారుతుంది కూడా. అమెరికా 1958 చట్టం మతపద్ధతిలో కోయడాన్ని మానవీయ పద్ధతుల్లో ఒకటిగా లెక్కపెట్టింది, భారతదేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 28వ సెక్షన్ దానికి మినహాయింపు ఇచ్చింది, డెన్మార్క్ 2014లో మినహాయింపు తీసేసింది. ఆస్ట్రియాలో కోసిన వెంటనే స్పృహ తప్పించే మధ్యేమార్గం ఉంది. క్యాంటీన్ కమిటీ తేల్చాల్సింది ఇది కాదు.

మీరు తేల్చాల్సింది, అందరికీ పెట్టే చోట ఎవరికి ఏమి బాకీ ఉన్నామన్నది. దీనికి నాకు నచ్చిన కేసు పోలండ్ జైల్లో ఒక బౌద్ధ ఖైదీది. మాంసంలేని భోజనం అడిగాడు, జైలు ఇవ్వలేదు. మానవహక్కుల న్యాయస్థానం 2010 డిసెంబరులో ఖైదీ పక్షాన తీర్పిచ్చింది. పెద్ద ఇబ్బంది లేకుండా ఇవ్వగలిగిన భోజనం అది అంది. జైల్లో ఉన్నవాడు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోలేడు. అక్కడ బాకీ ఎక్కువ. ఫ్రాన్స్‌లో బడి పిల్లల భోజనం మీద అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2020 డిసెంబరులో, పంది మాంసానికి బదులు ఇంకొక వంటకం పెట్టి తీరాలని ఏమీ లేదు, పెట్టకూడదనీ లేదు అంది. లౌకిక సూత్రం దానికి అడ్డు రాదని అర్థం. అద్దం గారు లౌకికం అంటే సర్దుబాటు ఉండకూడదన్నారు. ఫ్రాన్స్ అంత కఠినమైన చోట కూడా కోర్టు ఆ మాట అనలేదు.

ఆఫీసు జైలు కాదు, బడీ కాదు. కానీ ఒకటి గుర్తుంచుకోండి: 'కావాలి' అన్నవాడికి చోటివ్వడం వేరు, 'ఇదే తిను' అనడం వేరు.

తులసికోట

చెక్కబల్ల గారి చివరి వాక్యమే నేను మొదటి నుంచీ చెప్పాలనుకున్నది.

ఇక లేబుల్ సంగతి. యూరోపియన్ యూనియన్‌లో స్పృహ తప్పించకుండా కోశారని ప్యాకెట్ మీద రాయాలనే నియమం లేదు. కోషర్‌లో వెనకవైపు భాగంలో తీసేయాల్సిన నరం ఉంటుంది. అది తీయడం కష్టం కాబట్టి చాలాచోట్ల ఆ భాగం మొత్తం మామూలు మార్కెట్‌కి పంపేస్తారు. కొనేవాడికి ఏమీ తెలియదు. 2019 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, స్టన్నింగ్ లేని మాంసానికి సేంద్రియ ముద్ర వేయకూడదంది. సేంద్రియం కొనేవాడికి ఉన్నపాటి సమాచారం మామూలువాడికి ఎందుకు ఉండకూడదు?

నూర్‌దీపం

ఉండాలి. కాకపోతే 'ముస్లింలది' అని ఎర్ర అక్షరాలతో రాసే లేబుల్ వేరు, 'స్పృహ తప్పించి కోసినది', 'తప్పించకుండా కోసినది', 'కార్బన్ డయాక్సైడ్‌తో' అని అన్నిటికీ రాసే లేబుల్ వేరు. రెండోదానికి నేను ముందు సంతకం పెడతాను. ప్రార్థన చదివారా లేదా అన్నది కూడా రాయండి, తులసికోట గారికి అది తెలియాలి, నాకూ తెలియాలి.

తులసికోట

సరే. దీంట్లో మనిద్దరికీ పేచీ లేదు.

గడ్డిపోచ

వానచినుకు గారూ, ఓటింగుకి ముందు సరఫరాదారుణ్ణి ఫోన్ చేసి అడగండి. స్పృహ తప్పించి కోస్తారా, ఏ పద్ధతిలో? సర్టిఫికెట్ ఎవరిది? కోళ్ళను చేత్తో కోస్తారా, యంత్రం కోస్తుందా? యంత్రంతో కోసింది కొందరు ముస్లింలు అసలు తినరు. అది తెలియకుండా మొత్తం హలాల్ చేసినా ఎవరి కోసం చేశారో వాళ్ళే తినకపోవచ్చు.

వానచినుకు

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇవాళ ఫోన్ చేశాను. సర్టిఫికెట్ కాగితం పంపిస్తానన్నాడు. స్పృహ తప్పిస్తారా అని అడిగితే "తెలియదండీ, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు" అన్నాడు. అరగంట తర్వాత తనే ఫోన్ చేసి గొర్రెలకు తల మీద కరెంటు ఇస్తారని చెప్పాడు. రెండు రకాలు నిజంగా కుదరదా అని గట్టిగా అడిగితే, కోడిమాంసం వరకు హలాల్, హలాల్ కానిది రెండూ విడివిడి డబ్బాల్లో పంపగలనన్నాడు. వంటకు వేరే పాత్రలు, వేరే గరిటెలు మనమే చూసుకోవాలి.

కమిటీలో ఆరోజు నోరు విప్పని ఆయనతో కూడా విడిగా మాట్లాడాను. ఆయన ముస్లిం. నాకు ఇన్నాళ్ళూ తెలియదు. "నా గురించి మిగతావాళ్ళు గొడవపడుతుంటే ఏం మాట్లాడను అమ్మా" అన్నారు. శుక్రవారం రెండు రకాల ప్రతిపాదన పెడుతున్నాను, ప్రతి గిన్నె ముందు చీటీ ఉండాలని కూడా.

గడ్డిపోచ

మంచిది. కోళ్ళ సంగతి అడిగారా? చేత్తోనా, యంత్రమా?

వానచినుకు

అయ్యో, అది మరిచిపోయాను. రేపు పొద్దున్నే మళ్ళీ చేస్తాను.